ఐదో తరగతి తర్వాత ఏ బడి? నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రుల కోసం ఒక పోలిక

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాయంటే ఐదో తరగతి పిల్లలున్న ఇళ్లలో ఒకటే ముచ్చట: ఆరో తరగతికి ఎక్కడ వేద్దాం? ఊరి అంచున ఉన్న జిల్లా పరిషత్ హైస్కూల్, మండలంలోని మోడల్ స్కూల్, గురుకులం, ఆడపిల్లకైతే కస్తూర్బా, సీటొస్తే నవోదయ, ఇవేవీ వద్దనుకుంటే ఇంటి ముందుకే బస్సు పంపే ప్రైవేటు బడి. ఒక్కోదాని గురించి ఒక్కో బంధువు ఒక్కో మాట చెబుతాడు. "సర్కారు బడిల ఏస్తే పిలగాడు ఆగమైతడేమో సార్" అన్న మాట నేను విన్నన్ని సార్లు ఇంకేదీ వినలేదు.

నేను జడ్పీ బడుల్లో లెక్కలు చెప్పినవాణ్ణి, కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తాను. పట్టణం అంచున ఉన్న జడ్పీ హైస్కూల్‌ను ఒక్కసారి కూడా లోపలికెళ్లి చూడకుండా పక్కన పెట్టేయడం అన్యాయం, ఆ బడికీ, మీ జేబుకీ, కొన్నిసార్లు మీ పిల్లకీ. అలాగని అదే అందరికీ సరిపోతుందని చెప్పను. కొన్ని ఇళ్లకు గురుకులాన్ని మించింది లేదు. ప్రైవేటుకు పంపక తప్పని ఇళ్లూ ఉన్నాయి. అందుకే బడి పేరు కంటే ముందు కొలతలు తేల్చుకుందాం.

## ముందు ఏం చూడాలి

మొట్టమొదటిది, ఎనిమిది నుంచి పది వరకు లెక్కలు, సైన్స్, ఇంగ్లిష్ ఎవరు చెబుతున్నారన్నది. మిగతావన్నీ దీని తర్వాతే. పదో తరగతిలో ఆరు సబ్జెక్టులు. వాటిలో తెలుగు, సోషల్, హిందీ పిల్లలు ఎలాగోలా గట్టెక్కుతారు. లెక్కల సార్ లేని బడిలో మాత్రం ఒక ఏడాది పోతే ఆ ఏడాది మళ్లీ రాదు. ఎనిమిదిలో బీజగణితం పునాది పడని పిల్ల పదిలో సూత్రాలు బట్టీ పడుతుంది, ఇంటర్‌లో ఎంపీసీ అంటేనే భయపడుతుంది. "మీ బడిలో స్టాఫ్ ఎంతమంది" అని కాదు, "లెక్కలకు స్కూల్ అసిస్టెంట్ (హైస్కూల్‌లో ఆ సబ్జెక్టు చెప్పే సర్కారు టీచర్) ఉన్నారా, పోయిన ఏడాది మధ్యలో ఎప్పుడైనా పోస్టు ఖాళీగా ఉందా" అని అడగండి.

రెండోది దారి. దూరం ఎన్ని కిలోమీటర్లన్నది కాదు, పిల్ల ఇంట్లోంచి ఎన్నింటికి బయలుదేరి ఎన్నింటికి తిరిగొస్తుంది అన్నది లెక్క. పొద్దున ఏడుకు వ్యాన్ ఎక్కి సాయంత్రం ఆరున్నరకు దిగే పిల్లకు చదువుకునే ఓపిక ఎక్కడుంటుంది? బైపాస్ దాటాల్సిన దారి అయితే అది ఇంకో టెన్షన్.

మూడోది భాష. ఇప్పుడు దాదాపు అన్ని బడులూ ఇంగ్లిష్ మీడియమే. ప్రశ్న ఏంటంటే, తెలుగులో చదివిన పిల్ల ఇంగ్లిష్‌లోకి మారేటప్పుడు ఆ బడి చేయి పట్టుకుని నడిపిస్తుందా, నీళ్లలోకి తోసేస్తుందా అని.

ఆ తర్వాత పది అయ్యాక ఏంటన్నది, మొత్తం ఖర్చు, బాత్రూములు, తాగునీళ్లు. నల్లగొండ జిల్లాలో నీళ్ల సంగతి ఊరికే అనుకోవద్దు. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఎన్ని ఇళ్లను కుంగదీసిందో ఇక్కడివాళ్లకు తెలుసు. బడిలో పిల్లలు తాగేది మిషన్ భగీరథ కుళాయి నీళ్లా, బోరు నీళ్లా అని అడగడానికి మొహమాటపడకండి.

చివరిగా, పిల్ల స్వభావం. ఇది తల్లికి తెలిసినంతగా ఏ సారుకూ తెలియదు.

## ఒక చూపులో

| బడి | చేరడం ఎలా | ఉండడం | ఎక్కడిదాకా | గుర్తుంచుకోవాల్సింది |
|---|---|---|---|---|
| జడ్పీ హైస్కూల్ | నేరుగా, పరీక్ష లేదు | ఇంటి నుంచి | పది | ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్షకు అర్హత ఉంది |
| మోడల్ స్కూల్ | ఆరులో చేరడానికి ప్రవేశ పరీక్ష | ఎక్కువగా ఇంటి నుంచి | ఇంటర్ | బడి ఊరికి దూరంగా ఉండొచ్చు |
| గురుకులం | ఐదులో చేరడానికి ప్రవేశ పరీక్ష | హాస్టల్ | చాలావాటిలో ఇంటర్ | నాలుగో తరగతిలోనే దరఖాస్తు |
| కస్తూర్బా | పరీక్ష లేదు, ఆడపిల్లలకే | హాస్టల్ | పది, చాలాచోట్ల ఇంటర్ | బడి మానేసినవాళ్లకు, అనాథలకు ముందు |
| నవోదయ | ఆరులో చేరడానికి ప్రవేశ పరీక్ష | హాస్టల్ | పన్నెండు | ఒక్కసారే రాసే అవకాశం |
| ప్రైవేటు | ఫీజు | ఇంటి నుంచి లేదా హాస్టల్ | బడిని బట్టి | గుర్తింపు ఎన్నో తరగతి దాకా ఉందో చూడాలి |

## ఊరి అంచు జడ్పీ హైస్కూల్

దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తేనే ఇప్పుడు ఎందుకిలా ఉందో అర్థమవుతుంది.

నిజాం కాలంలో ఈ రెండు జిల్లాల్లో పై చదువంటే ఉర్దూలోనే. 1918లో ఉస్మానియా యూనివర్సిటీ ఉర్దూ మాధ్యమంతో మొదలైంది, కింది బడులూ దానికి తగ్గట్టే నడిచాయి. తెలుగు చదువు ఎక్కువగా ఖానగీ (ప్రైవేటు) బడుల్లో, గ్రంథాలయాల చుట్టూ బతికింది. ఆ ఖానగీ బడుల మీదున్న ఆంక్షలు ఎత్తేయాలని, మాతృభాషలో చదువు చెప్పాలని ఆంధ్ర మహాసభ అడుగుతూ వచ్చింది. 1930లో జోగిపేటలో జరిగిన ఆ మొదటి సభకు అధ్యక్షత వహించింది మన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డే. 1948 తర్వాత గానీ సర్కారు హైస్కూళ్లలో తెలుగు మాధ్యమం నిలదొక్కుకోలేదు.

ఊళ్లకు హైస్కూల్ రావడానికి అసలు మలుపు 1959. ఆ ఏడాది షాద్‌నగర్‌లో నెహ్రూ చేతుల మీదుగా ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్ మొదలైంది. షాద్‌నగర్ ఇప్పుడు రంగారెడ్డిలో ఉంది గానీ అప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలోదే. జిల్లా పరిషత్తులు వచ్చాక ఊళ్లలోని హైస్కూళ్లు వాటి కిందికి వెళ్లాయి. గేటు మీద ఇప్పటికీ కనిపించే 'జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల' అన్న పేరు అక్కడిదే. చాలా ఊళ్లలో బడి స్థలం రైతులిచ్చిందే. ఊరి నడుమ అంత జాగా దొరకదు కాబట్టి ఊరి బయట ఇచ్చారు. ఇన్నేళ్లకు పట్టణం పెరిగి ఆ బడి దాకా వచ్చింది. నల్లగొండ పక్క పానగల్లు వైపు చూడండి, మహబూబ్‌నగర్ పక్క ఏనుగొండ, బోయపల్లి వైపు చూడండి, ఒకప్పుడు పొలాలున్న చోట ఇప్పుడు ప్లాట్లు, కాలనీలు. కాలనీలోని ప్రైవేటు బడి రెండంతస్తుల షాపు కాంప్లెక్సులో నడుస్తుంటే, వెనక జడ్పీ బడికి వేపచెట్లు, ఖోఖో, కబడ్డీ ఆడేంత మైదానం ఉంటాయి. పదకొండేళ్ల పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు.

మరి ఆ కాలనీ పిల్లలు ఆ బడికి ఎందుకు వెళ్లడం లేదు? ముఖ్యమైన కారణం ఇంగ్లిష్. 2008లో సక్సెస్ స్కూల్స్ పేరుతో హైస్కూళ్లలో ఇంగ్లిష్ మీడియం సెక్షన్లు మొదలుపెట్టారు, కానీ కింద ప్రాథమిక బడులు తెలుగులోనే ఉండడంతో అది అన్నిచోట్లా నిలబడలేదు. అప్పటికే జనం ప్రైవేటు వైపు మళ్లారు. పిల్లల సంఖ్య తగ్గింది. ఇక్కడే అసలు చిక్కు ఉంది: సర్కారు బడిలో టీచర్ పోస్టులు పిల్లల సంఖ్యను బట్టి ఉంటాయి. పిల్లలు తగ్గితే పోస్టు వేరే బడికి పోతుంది. పోస్టు పోతే చదువు కుంటుపడుతుంది, చదువు కుంటుపడితే ఇంకొందరు తల్లిదండ్రులు పిల్లలను తీసేస్తారు. మంచి బడులు కూడా ఇలాగే కళ్లముందు చిక్కిపోయాయి. మీ ఊరి బడి ఈ దారిలో ఏ మెట్టు మీద ఉందో తెలుసుకోవడం మీ ఎంపికలో సగం పని. మూడేళ్ల కింద ఆరో తరగతిలో ఎంతమంది, ఇప్పుడెంతమంది అని అడిగితే హెచ్‌ఎం గారు రిజిస్టరు చూసి చెప్పేస్తారు.

ఈ మధ్య కొన్ని మార్పులు మంచివైపే జరిగాయి. 2022 మార్చి 8న వనపర్తి జడ్పీ బడిలో మన ఊరు మన బడి మొదలైంది. ఆ పథకం కింద కొన్ని బడులకు కొత్త బాత్రూములు, డైనింగ్ హాళ్లు, ప్రహరీలు వచ్చాయి, కొన్నిచోట్ల పనులు మధ్యలో ఆగాయి. 2022-23 నుంచి సర్కారు బడులన్నిటిలో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టి, ఏడాదికొక తరగతి చొప్పున పై తరగతులకు తీసుకెళ్లారు. 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ పెట్టి అక్టోబరులో కొత్త టీచర్లను బడులకు పంపారు. చాలాచోట్ల ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న పోస్టుల్లో కుర్ర టీచర్లు చేరారు. అంటే నాలుగేళ్ల కింద మీ మేనల్లుడు చదివినప్పటి బడి, ఇప్పటి బడి ఒకటే కాకపోవచ్చు. పాత మాట మీద నిర్ణయం తీసుకోవద్దని చెప్పేది ఇందుకే.

భాష సంగతికొస్తే, సర్కారు పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు. నాకు ఇది చాలా నచ్చిన ఏర్పాటు. బారువడ్డీ లెక్క ఇంగ్లిష్‌లో ఉంటే పిల్ల ఆగిపోతుంది. లెక్క రాక కాదు, 'ఎంత అప్పు, ఎన్నేళ్లు' అన్నది వాక్యంలో దొరక్క. కళ్లు ఎదురు పేజీకి తిప్పి తెలుగులో చదువుతుంది, మళ్లీ ఇటు తిప్పి లెక్క చేస్తుంది. ఎనిమిదో తరగతికొచ్చేసరికి ఆ తిప్పడం దానంతటదే తగ్గుతుంది. తెలుగు మీడియంలో ఐదు దాకా చదివిన పిల్లకు ఇంతకంటే మెత్తని దారి నేను చూడలేదు.

డబ్బు విషయం సూటిగా చెప్పుకుందాం. ఫీజు లేదు, పాఠ్యపుస్తకాలు ఉచితం, రెండు జతల యూనిఫాం, పది దాకా మధ్యాహ్న భోజనం. 2023 డిసెంబరులో మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడపిల్లలు పల్లెవెలుగు బస్సులో టికెట్ లేకుండా వెళ్తున్నారు. పక్క ఊరి జడ్పీ బడి మంచిదైతే ఆడపిల్లను అక్కడికి పంపడం ఇప్పుడు ఖర్చుతో కూడిన పని కాదు. దీన్ని చాలామంది ఇంకా లెక్కలోకి తీసుకోవడం లేదు.

చాలామందికి తెలియని లాభాలు ఇంకో రెండున్నాయి. ఎనిమిదో తరగతిలో ఎన్‌ఎంఎంఎస్ పరీక్ష రాసి ఎంపికైతే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏడాదికి 12,000 రూపాయల స్కాలర్‌షిప్. దీనికి ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకూడదు. ప్రైవేటు బడి పిల్లలు, హాస్టల్‌లో ఉండే సర్కారు బడుల పిల్లలు దీన్ని రాయలేరు. జడ్పీ పిల్లలు రాయొచ్చు. ఇక బాసర ట్రిపుల్ ఐటీ అడ్మిషన్లలో రెసిడెన్షియల్ కాని సర్కారు బడుల పిల్లలకు అదనపు పాయింట్లు కలుపుతూ వస్తున్నారు. పదిలో బాగా చదివే పల్లె పిల్లకు ఆ కొద్ది తేడానే సీటు తెచ్చిపెడుతుంది.

లోపాలు కూడా ఉన్నాయి, దాచను. టీచర్ డిప్యుటేషన్ మీదనో, దీర్ఘకాలిక సెలవు మీదనో వెళితే ఆ సబ్జెక్టు నెలల తరబడి ఆగుతుంది. ఆరో తరగతిలో చేరే పిల్లల్లో భాగహారం రానివాళ్లు, ధారగా చదవలేనివాళ్లు గణనీయంగా ఉంటారు. టీచర్ వాళ్లతో మొదలుపెడితే చురుకైన పిల్లకు మొదటి కొన్ని నెలలు విసుగు. బాత్రూములు శుభ్రం చేసే మనిషి లేక ఇబ్బందిపడే బడులు చాలా ఉన్నాయి, దీనివల్ల పెద్ద తరగతుల ఆడపిల్లలు పొద్దంతా నీళ్లు తాగకుండా ఉంటున్నారు. ఇది చదువు కంటే పెద్ద విషయం. ఇంకోటి, పది తర్వాత మళ్లీ జూనియర్ కాలేజీ వెతుక్కోవాలి.

## మోడల్ స్కూల్

తెలంగాణలో 194 ఉన్నాయి, 2013లో మొదలయ్యాయి, చదువులో వెనకబడిన మండలాలను ఎంచి పెట్టారు. ఆరు నుంచి ఇంటర్ దాకా ఇంగ్లిష్ మీడియం, ఫీజు లేదు. మొదటి నుంచీ ఇంగ్లిష్‌లోనే నడిచాయి కాబట్టి ఆ వాతావరణం కుదురుకుంది, ఇంటర్ చెప్పే లెక్చరర్లు అదే ఆవరణలో ఉంటారు. ప్రవేశ పరీక్ష ఉండడంతో తరగతిలో పిల్లల స్థాయి కొంచెం దగ్గరదగ్గరగా ఉంటుంది. పైన చెప్పిన విసుగు సమస్య ఇక్కడ తక్కువ.

ఇబ్బందల్లా చాలా మోడల్ స్కూళ్లు మండల కేంద్రానికి దూరంగా, ఎక్కడ సర్కారు జాగా దొరికితే అక్కడ కట్టారు. బస్సు దిగి నడవాలి, లేదా ఆటో. పెద్ద తరగతుల ఆడపిల్లలకు కొన్నిచోట్ల హాస్టల్ ఉంది. ఇంటికి దగ్గరగా ఉండి, సీటు వస్తే మాత్రం నేను రెండో ఆలోచన చేయను.

## గురుకులం

గురుకులం అన్న ఆలోచన రాష్ట్రానికి మన జిల్లా నుంచే వెళ్లింది. 1971 నవంబరు 23న అప్పటి ముఖ్యమంత్రి పి.వి. నరసింహారావు నల్లగొండ జిల్లా సర్వేల్‌లో మొదటి గురుకులాన్ని మొదలుపెట్టారు. ఊరు ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. పేదింటి తెలివైన పిల్లలను ఒకచోట చేర్చి, టీచర్లు కూడా అక్కడే ఉండి చదువు చెప్పడం దాని పద్ధతి. తర్వాత ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలు నడిపే సొసైటీలు వచ్చాయి, తెలంగాణ వచ్చాక వందల కొద్దీ కొత్తవి తెరిచారు.

పాలమూరు లాంటి జిల్లాకు గురుకులం విలువ వేరు. ఇంట్లో అమ్మానాన్న ఇద్దరూ పంట అయ్యాక పుణెకో బొంబాయికో పనికి పోతే, పిల్లను అవ్వ దగ్గర వదలాలి లేదా వెంట తీసుకుపోవాలి. వెంట పోయిన పిల్ల చదువు అక్కడితో సగం ఆగినట్టే. అలాంటి ఇంటికి జడ్పీ బడి ఎంత మంచిదైనా సరిపోదు, మూడు పూటలా తిండి, పడక, కాపలా ఉన్న బడి కావాలి. ఇంటర్ దాకా అక్కడే ఉండొచ్చన్న ధీమా ఆడపిల్లల పెళ్లిళ్లను కూడా వెనక్కి నెడుతోంది, ఇది తండాల్లో స్పష్టంగా కనిపిస్తుంది.

అయితే గురుకులాలన్నీ ఒకేలా ఉండవు. సొంత భవనం ఉన్నది వేరు, అద్దె భవనంలో నడిచేది వేరు. మూతపడ్డ ఇంజినీరింగ్ కాలేజీ బిల్డింగులో వందల మంది పిల్లలకు సరిపడా స్నానాల గదులు ఉండవు. పొద్దున ఐదింటికే బకెట్ల వరుస మొదలవుతుంది. తిండి మీద ఫిర్యాదులు పేపర్లలో వస్తూనే ఉన్నాయి. 2024 చివర్లో డైట్ ఛార్జీలు (పిల్లల తిండికి సర్కారు ఇచ్చే డబ్బు) 40 శాతం పెంచి అన్ని సొసైటీలకు ఒకే మెనూ పెట్టారు. అమలు ఎలా ఉందో మాత్రం తల్లిదండ్రులను కలిసే రోజున వెళ్లి, అక్కడి పిల్లలనే అడగాలి.

ఇంటి మీద బెంగ పెట్టుకునే పిల్ల అయితే మొదటి నెలలు చాలా కష్టంగా గడుస్తాయి. దసరా సెలవులకు వచ్చి తిరిగి వెళ్లనని ఏడ్చే పిల్లలను బలవంతంగా పంపాలా వద్దా అని నన్ను అడిగినవాళ్లకు నేను ఒకటే చెబుతాను: ఏడుపుకు కారణం ఇల్లా, అక్కడ జరుగుతున్న ఇంకేదైనానా అన్నది ముందు తేల్చుకోండి. ఇల్లే అయితే సంక్రాంతి దాకా చూడండి. ఇంకేదైనా అయితే ఆ రోజే వెళ్లి మాట్లాడండి.

ఇంకో ముఖ్యమైన సంగతి: ఈ గురుకులాల్లో ప్రవేశం ఐదో తరగతిలో, పరీక్ష రాయాల్సింది నాలుగో తరగతిలో ఉండగా. ఐదు పూర్తయ్యాక ఆలోచిస్తే, పై తరగతుల్లో మిగిలిన ఖాళీలకే పోటీ పడాలి.

## కస్తూర్బా

2004లో మొదలైన పథకం. బడి మానేసిన, తల్లి లేదా తండ్రి లేని, కూలికి పోయే ఆడపిల్లల కోసం. మొదట ఎనిమిది దాకానే ఉండేది, తర్వాత పదికి, చాలాచోట్ల ఇంటర్‌కు పెంచారు. ప్రవేశ పరీక్ష లేకపోవడమే దీని గొప్పతనం. జూలైలోనో ఆగస్టులోనో "మా చెల్లె బిడ్డ బడి మానేసింది, ఎక్కడన్నా చేర్చుకుంటారా" అని ఎవరైనా అడిగితే నేను మొదట చెప్పేది కస్తూర్బానే. టీచర్లలో ఎక్కువమంది కాంట్రాక్టు మీద పనిచేసే మేడమ్‌లు, వాళ్ల ఓపిక గురించి ఎంత చెప్పినా తక్కువే. చదువులో బాగా ముందున్న పిల్లకు మాత్రం ఇక్కడ పోటీ కొంచెం తక్కువ అనిపించొచ్చు.

## నవోదయ

1986 జాతీయ విద్యా విధానంతో వచ్చిన కేంద్ర ప్రభుత్వ బడులు. ఉమ్మడి నల్లగొండకు నాగార్జునసాగర్ వైపు చలకుర్తిలో, ఉమ్మడి పాలమూరుకు బిజినేపల్లి దగ్గర వట్టెంలో ఉన్నాయి. 2024 డిసెంబరులో కేంద్రం తెలంగాణకు మంజూరు చేసిన ఏడింటిలో మహబూబ్‌నగర్, సూర్యాపేట కూడా ఉన్నాయి. కాబట్టి మీ మండలం ఏ విద్యాలయం పరిధిలోకి వస్తుందో దరఖాస్తు చేసే ఏడాది నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి.

సీబీఎస్‌ఈ చదువు, మంచి ల్యాబులు, ఆటలు, దేశమంతా తిరిగే అవకాశం. తొమ్మిదో తరగతిలో కొందరిని ఏడాదిపాటు హిందీ ప్రాంతంలోని నవోదయకు పంపుతారు. పరీక్ష రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో సగం మార్కులు మేధాశక్తి ప్రశ్నలకే, మిగతావి లెక్కలకూ భాషకూ సమానం. తెలుగులోనే రాయొచ్చు. ఐదో తరగతిలో ఒక్కసారే అవకాశం.

పట్టణం అంచున ఉండేవాళ్లు ఇక్కడ ఒకటి జాగ్రత్తగా చూసుకోవాలి. 75 శాతం సీట్లు గ్రామీణ పిల్లలకు. అందుకు మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామీణ ప్రాంతంలో చదివి ఉండాలి. మీ ఊరు మున్సిపాలిటీలో కలిసిపోయిందంటే, వాకిట్లో బర్రెలు కట్టేసి ఉన్నా, మీ పిల్ల పట్టణ కోటాలోకి వెళ్తుంది.

నా సలహా, పరీక్ష రాయించండి, కానీ దాని మీదే ఆశ పెట్టుకుని మిగతా దరఖాస్తులు వదిలేయొద్దు. పోటీ అంత తీవ్రం. కోచింగ్ పేరుతో ఐదో తరగతి పిల్లను ఇల్లు విడిపించి హాస్టల్‌లో పెట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. పాత ప్రశ్నపత్రాలు తెచ్చి ఇంట్లోనే రోజూ గంట కూర్చోబెడితే చాలామట్టుకు సరిపోతుంది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండిట్లోనూ కేంద్రీయ విద్యాలయాలు ఉన్నాయి, కానీ ఆరో తరగతిలో ఖాళీ ఏర్పడితేనే సీటు, అందులోనూ కేంద్ర ఉద్యోగుల పిల్లలకు ముందు.

## ప్రైవేటు బడి

ఇంటి దగ్గరి చిన్న ప్రైవేటు బడి ఒకటి, 'టెక్నో', 'ఒలింపియాడ్' అని పేరు చివర తగిలించుకున్న పెద్ద బ్రాంచీ ఇంకొకటి. రెండింటినీ ఒకే గాటన కట్టకూడదు.

చిన్న బడిలో కరస్పాండెంట్ పిల్లలందరినీ పేరు పెట్టి పిలుస్తాడు. పిల్ల రెండ్రోజులు రాకపోతే ఇంటికి ఫోన్ వస్తుంది. హోంవర్క్ చూస్తారు, డైరీ రాస్తారు. అమ్మానాన్న ఇద్దరూ పొద్దంతా దుకాణంలో ఉండే ఇంటికి ఈ పట్టింపు చాలా విలువైనది. దీనికోసమే జనం డబ్బు కడుతున్నారు, అందులో తప్పేం లేదు. కానీ టీచర్ల జీతాలు తక్కువ, ఏటా మారిపోతుంటారు. ఎనిమిదిలో లెక్కలు చెప్పిన మేడం తొమ్మిదిలో ఉండకపోవచ్చు.

పెద్ద బ్రాంచీలో పరీక్షల మీద పరీక్షలు. పోటీకి తట్టుకునే పిల్లకు అది ఊపు ఇస్తుంది, మెత్తని పిల్లను నలిపేస్తుంది. సెక్షన్లను మార్కుల ప్రకారం విడదీసే బడి అయితే, మంచి టీచర్లు మొదటి సెక్షన్‌కే వెళ్తారు. మీ పిల్ల ఏ సెక్షన్‌లో పడుతుందో అడిగి తెలుసుకున్నాకే డబ్బు కట్టండి.

రెండిటికీ వర్తించే జాగ్రత్త ఒకటుంది. బడికి పది దాకా గుర్తింపు ఉందో లేదో చూడండి. ఏడో తరగతి దాకా మాత్రమే గుర్తింపు ఉన్న బడులు కొన్ని తొమ్మిది, పది కూడా నడుపుతూ నామినల్ రోల్స్ (పది పరీక్ష రాసే పిల్లల జాబితా) వేరే బడి పేరుతో పంపుతుంటాయి. పది మెమో మీద మీ పిల్ల ఏనాడూ గడప తొక్కని బడి పేరు ఉంటుంది, రేపు బోనఫైడ్ కావాల్సినప్పుడు తిరిగేది మీరే. ఖర్చు లెక్కేసేటప్పుడు ఫీజు ఒక్కటే కాదు, బస్సు, పుస్తకాలు, రెండు రకాల యూనిఫాం, బూట్లు, ట్యూషన్ అన్నీ కలిపి ఐదేళ్లకు రాసుకోండి. అప్పు చేసి ఆరో తరగతిలో చేర్పించి, ఎనిమిదిలో కట్టలేక తీసేసిన పిల్లలను నేను చాలామందిని చూశాను. మధ్యలో తీసేసిన పిల్ల మనసు మొదటే సర్కారు బడిలో చేరిన పిల్ల మనసులా ఉండదు.

## మీ ఇంటికి ఏది?

తల్లిదండ్రులు వలస వెళ్లే ఇల్లయితే గురుకులం, ఆడపిల్లయి పరీక్ష గడువు దాటిపోతే కస్తూర్బా. ఇంకో ఆలోచన అక్కర్లేదు.

ఇంట్లో ఒకరైనా సాయంత్రం పిల్లతో కూర్చోగలిగితే, దగ్గరి జడ్పీ బడిలో లెక్కలు, ఇంగ్లిష్, సైన్స్ టీచర్లు పూర్తిగా ఉంటే, జడ్పీ బడి. మిగిలిన డబ్బు ఇంటర్ కోసం దాచండి, అసలు ఖర్చు అక్కడే మొదలవుతుంది.

పిల్ల చదువులో చురుకై, మోడల్ స్కూల్ ఆరేడు కిలోమీటర్ల లోపు ఉంటే మోడల్. అంతకు మించిన దూరమైతే, దారిలో బస్సు వేళలు చూసి తేల్చుకోండి.

చదవడం, రాయడంలో బాగా వెనకబడిన పిల్ల విషయంలో తొందరపడి హాస్టల్‌కు పంపొద్దు. ముందు ఒక ఏడాది ఇంటి దగ్గరి బడిలో వేసి, రోజూ తెలుగు పత్రిక బిగ్గరగా చదివించండి, ఎక్కాలు, భాగహారం గట్టి చేయించండి. ఆ బడి జడ్పీనా, చిన్న ప్రైవేటా అన్నది ఆ పిల్ల మీద ఏ టీచరు దృష్టి పెడతారన్న దాన్ని బట్టి.

ఒకే ఇంటి పిల్లల్లో ఒకరిని ప్రైవేటుకూ, ఒకరిని సర్కారుకూ పంపడం, అందులోనూ కొడుకును ప్రైవేటుకు, బిడ్డను సర్కారుకు పంపడం మన దగ్గర మామూలైపోయింది. సర్కారు బడి మంచిదని నమ్మితే ఇద్దరినీ పంపండి. నమ్మకపోతే బిడ్డను మాత్రం ఎందుకు పంపుతున్నారో ఒక్కసారి ఆలోచించండి.

## చూడ్డానికి వెళ్లినప్పుడు

ఆదివారమో, పంద్రాగస్టు నాడో కాదు, మామూలు రోజు పదిన్నర పన్నెండు మధ్య వెళ్లండి. ఎనిమిదో తరగతి పిల్ల లెక్కల నోట్‌బుక్ ఒకటి అడిగి తిప్పండి. ఎర్ర సిరా టిక్కులు పేజీకి ఒకటి చొప్పున వరుసగా ఉండి, తప్పు లెక్క పక్కన కూడా టిక్కే ఉంటే అది చూడకుండా పెట్టిన టిక్కు. తప్పు చోట గీత గీసి, కింద పిల్ల మళ్లీ చేసిన లెక్క ఉంటే ఆ బడిలో ఒక టీచర్ ఉన్నాడని అర్థం. ఆడపిల్లల బాత్రూం తలుపుకు లోపల గడియ ఉందో లేదో తల్లి వెళ్లి చూడాలి. మధ్యాహ్న భోజనం వడ్డించే వేళకు ఉంటే పప్పు చిక్కదనం, గుడ్డు ఇచ్చే రోజు గుడ్డు ఇచ్చారా అన్నది మీకే తెలుస్తుంది.

ప్రతి బడికీ 11 అంకెల యూడైస్ కోడ్ ఉంటుంది, తెలంగాణవి 36తో మొదలవుతాయి. యూడైస్ వెబ్‌సైట్‌లో ఆ కోడ్ కొట్టి చూస్తే టీచర్లు, గదులు, బాత్రూముల వివరాలు ఫోన్‌లోనే కనిపిస్తాయి. ప్రైవేటు బడులకూ ఇది ఉంటుంది.

## ఎప్పుడు ఏం చేయాలి

గురుకులానికి అయితే పిల్ల నాలుగో తరగతిలో ఉండగా డిసెంబరు నుంచి నోటిఫికేషన్ కోసం చూడాలి. నవోదయకు ఐదో తరగతి మొదలైన కొద్ది నెలలకే దరఖాస్తు తెరుస్తారు, ఫీజు లేదు. మోడల్ స్కూల్ నోటిఫికేషన్ ఐదో తరగతి రెండో సగంలో వస్తుంది. కస్తూర్బా, జడ్పీలకు జూన్‌లో నేరుగా వెళ్లొచ్చు.

కుల, ఆదాయ ధ్రువపత్రాలు మీసేవలో ముందే తీసిపెట్టుకోండి, చివరి వారంలో క్యూ కట్టొద్దు. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ బడి రిజిస్టరుతో కలుస్తున్నాయో ఇప్పుడే చూసుకోండి, పదో తరగతికొచ్చాక సరిచేయడం తలనొప్పి. ప్రైవేటు బడి ఫీజు బాకీ అని టీసీ ఇవ్వకపోయినా భయపడొద్దు: ఎనిమిదో తరగతి దాకా టీసీ ఆలస్యమైందన్న కారణంతో సర్కారు బడి చేర్చుకోకుండా ఉండడానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. ఎవరైనా కాదంటే హెచ్‌ఎం గారితో, అప్పటికీ కాకపోతే మండల విద్యాధికారితో మాట్లాడండి.